ఎడపల్లిలో పేలని మఖానా మెషీన్

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు నన్ను కలిస్తే ముందుగా అడిగేది ఒకటే. "మేడం, ఏ కంపెనీ మెషీన్ మంచిది?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లలో రెండు రకాలవాళ్లను చూశాను. ఒకరు మెషీన్ అమ్మేవాళ్లు, రెండోవారు జన్మలో మెషీన్ కొననివాళ్లు. నేను ఆ రెండు రకాల్లోనూ లేను. నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో ఇరవై ఆరేళ్లు చిన్న మిల్లులకు మెషీన్లు చూసిపెట్టే పని చేశాను. పసుపు పాలిష్ డ్రమ్ములు, కారం గిర్నీలు, అటుకుల మిషన్లు. ఎవరికి ఏది సరిపోతుందో చూడాలి, కాగితం మీద రాయాలి, కింద సంతకం పెట్టాలి. యాభై మూడో ఏట నా అంతట నేనే రిటైరయ్యాను. ఎందుకని అడగకండి. నా నోటి గురించి విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, విననివాళ్లకు ఈ నాలుగు పేజీల్లో తెలిసిపోతుంది.

ప్రమోషన్ల గురించి రాయను. రాద్దామన్నా ఒక పేరా నిండదు.

మెషీన్ కొనేవాళ్లు మూడు చూస్తారు. స్టీలు మెరుస్తోందా, రేకు మీద గంటకు ఎన్ని కిలోలని రాసి ఉంది, పక్క ఊరివాళ్లకు ఇంతకంటే చిన్నది ఉందా. మూడోది బయటికి చెప్పరు, కానీ బేరం తెగేది అక్కడే. వీటన్నిటికీ అడ్డం పడి "వద్దు" అనడమే నా ఉద్యోగం. ఆఫీసులో నాకు వద్దుల మేడం అని పేరుండేది. ఎదురుగా ఎవరూ అనలేదు, అంత ధైర్యం ఉన్నవాళ్లు ఆ ఆఫీసులో ఎందుకుంటారు?

నేను చూసిపెట్టినవాటిలో చక్కగా నడిచినవి చాలానే ఉన్నాయి. వాటి దగ్గర నేనేమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నది ఒక మఖానా మెషీన్ దగ్గర. దాన్ని ఎంచింది నేనే, తిట్టింది నేనే, వాపసు పంపమని రాసింది కూడా నేనే. మొదటిది ఒప్పేనని తరవాత తేలింది గానీ అందులో నా గొప్పేం లేదు.

మఖానా ఎందుకు వచ్చిందంటే

మా సారుకు ఒక మీటింగులో టీ పక్కన ప్లేటులో నాలుగు మఖానాలు పెట్టారు. అంతకంటే పెద్ద కారణం నాకు కనిపించలేదు. తెల్లారి ఆఫీసుకు వచ్చి, "మన జిల్లాలో చెరువులున్నాయి, నీళ్లున్నాయి, ఆడవాళ్లున్నారు. మఖానా ఎందుకు ఉండకూడదు?" అన్నారు. ఈ లెక్కన మన జిల్లాలో ఓడలు కూడా ఉండాలి.

మఖానాను మన దుకాణాల్లో తామర గింజ అని అమ్ముతారు. అది తామర కాదు, వేరే నీటి మొక్క. పచ్చి గింజ నల్లగా, గోలీ అంత గట్టిగా ఉంటుంది. వేడి చేసి దెబ్బ కొడితే పైపెంకు పగిలి లోపలి పప్పు తెల్లగా ఉబికి బయటికి వస్తుంది. మన ప్యాలాలలాగే. కాకపోతే ప్యాలాలు వాటంతట అవి పేలతాయి, దీనికి దెబ్బ కావాలి. బీహారులో ఈ పనిని మనుషులు వేడి గింజను చేత్తో తీసి, చెక్క సుత్తితో కొట్టి చేస్తారు. చేతులు బొబ్బలెక్కే పని. దానికే మెషీన్లు వచ్చాయి.

సారు మాట గాలికి పోయేదే. కానీ ఎడపల్లిలో గంగమణి దాన్ని పట్టుకుంది. పుట్టిల్లు నందిపేట్ దగ్గర, పసుపు రైతుల ఇల్లు. మెట్టినింట్లో కాస్త వరి, మిగతా రోజంతా బీడీలు. తనతో పాటు మరో ఎనిమిది మంది చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు చుట్టేవాళ్లు. మఖానా మెషీన్ వీడియో ఫోన్లో చూసి, అందరినీ వెంటేసుకుని మా ఆఫీసుకు వచ్చింది.

"ఇదెందుకు గంగమణీ? మన దగ్గర పండదు, గింజ బీహారు నుంచి తెప్పించాలి," అన్నాను. వద్దనడం అలవాటు కదా.

"తునికాకు మా ఇంటెనక పండుతదా మేడం? అది సుత అడివికెల్లే వస్తది. దుమ్ముకు మా సాయవ్వ దగ్గు జూడున్రి. దగ్గవే సాయవ్వా, మేడంకు వినిపియ్యి."

సాయవ్వ దగ్గి వినిపించింది. అడగకపోయినా వినిపించేదే.

నిజామాబాద్‌లో తినుబండారాలు ప్యాక్ చేసే ఒకాయన, మంచి సరుకిస్తే వారం వారం తీసుకుంటానని మాటిచ్చాడు. వాళ్ల బీడీ కార్ఖానా సేటు మాత్రం, "ఒక్క నెల చూస్తా. ఆ తరవాత మీ జాగాల్లో వేరేవాళ్లను పెట్టుకుంటా," అన్నాడట. ఆ నెలలోపల మెషీన్ పనిచేయాలి. లేకపోతే తొమ్మిది మందీ మళ్లీ బీడీలకే. ఆ జాగాలు పోతే అవీ ఉండవు.

నేను అడిగిన ప్రశ్నలు

మూడు మెషీన్లు చూశాను. మొదటిది పల్లీలు వేయించే డ్రమ్ము. దానికి మఖానా అని కొత్త స్టిక్కరు వేశారు. స్టిక్కరు ఒక మూల లేచి ఉంటే గోటితో లాగాను, కింద పల్లీ బొమ్మ కనిపించింది. రెండోది పెద్దది, అంతా దానంతట అదే చేసుకుంటుంది. ఎడపల్లిలో కరెంటు ఉన్నంతసేపు చేసుకుంటుంది. చెడిపోతే బాగుచేసేవాడు రెండు రాష్ట్రాల అవతల ఉంటాడు. ఇది మా సారుకు బాగా నచ్చింది, ఫోటోలో గంభీరంగా ఉంటుందని. మూడోది మధ్యరకం. గ్యాసు మీద తిరిగే రెండు డ్రమ్ములు, పక్కనే దెబ్బకొట్టే పెట్టె. వేడి గింజ ఆ పెట్టెలో పడగానే లోపల తిరిగే రెక్కలు దాన్ని ఇనుప పలకకేసి విసురుతాయి.

హైదరాబాద్‌లో వాళ్ల షెడ్డుకు పోయి మూడోదాన్ని నడిపించి చూశాను. సేల్స్‌మన్ ప్రసాద్ ఒక గోనెసంచి విప్పి గింజ పోశాడు. టపటపా పేలి, తెల్లటి మఖానా జల్లెడ మీద కుప్ప పడింది. నేను ఊరికే మురిసిపోయే మనిషిని కాను. మోటారు ఎంత, గ్యాసు ఎంత తాగుతుంది, బేరింగులు బోధన్‌లో దొరుకుతాయా, జల్లెడలు ఎన్ని సైజులు, వేడి ఎంతో చూపించే మీటరు నమ్మదగిందేనా, అన్నీ అడిగాను. ప్రసాద్ చెమటలు తుడుచుకున్నాడు. నాకు తృప్తిగా అనిపించింది.

మెషీన్‌ను అడగాల్సినవన్నీ అడిగాను. ఆ సంచిలో గింజ నిన్నా మొన్నా ఎక్కడుందని మాత్రం అడగలేదు.

కంపెనీ ఇచ్చిన పుస్తకం నాలుగో మెట్టులో, మొదటిసారి వేయించాక గింజను గంపల్లో మూసి రెండు రోజులు ఉంచాలని ఉంది. నేను చదివాను. కానీ మా రిపోర్టు పట్టికలో గంటకు ఎన్ని కిలోలనే గడి ఉంది గానీ, ఊరికే ఉండటానికి గడి లేదు. ప్రసాద్ చెప్పిన అంకె ఆ గడిలో వేసి, నాలుగో మెట్టును "అవసరమైతే" అని ఒక్క మాటతో సరిపెట్టాను. ఆ మాటను ఇప్పటికీ ఎవరి రిపోర్టులోనైనా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యాదగిరి దారి

ఆ మూడో మెషీన్ ఎడపల్లి చేరాక, దాన్ని నడపడానికి బోధన్ నుంచి యాదగిరి వచ్చాడు. చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి, మిల్లు మూతపడ్డాక మోటార్లు బాగుచేసుకుంటున్న మనిషి. చెయ్యి పెట్టి చూసి బేరింగు ఎన్నాళ్లు ఉంటుందో చెప్పగలడు. నా సర్వీసులో నేను ఎదురు మాట్లాడని ఇద్దరు ముగ్గురిలో ఒకడు.

ఆయన వచ్చిన రెండో రోజే రేకు కత్తిరించి, మొదటి డ్రమ్ము నుంచి రెండో డ్రమ్ములోకి ఒక జారుడు దారి చేశాడు. ఒకదాంట్లో వేగిన గింజ, మనిషి చెయ్యి తగలకుండా, వేడి తగ్గకుండా నేరుగా రెండోదాంట్లో పడుతుంది. నేను వెళ్లినప్పుడు గర్వంగా చూపించాడు.

"మరి పుస్తకంలో రెండు రోజులు ఆపమన్నారు కదా?" అన్నాను. అడిగానన్న పేరు నాకు దక్కాలి కాబట్టి చెబుతున్నాను. గట్టిగా అడగలేదు.

"వాళ్ల కాడ మనుషులు తక్కువ ఉంటరు గావచ్చు మేడం, అందుకని ఆపుతరు. నేను చెరుకుల పుట్టి పెరిగిన. చెరుకు గొట్టినంక ఒక్క దినం ఆగితే రసం తగ్గుతది. బండ్లు గేటు కాడ నిలవడ్డయంటె మా పానం గొట్టుకునేది. సరుకు ఆగొద్దు. ఆగిందంటే సచ్చినట్టే."

ఎంత చక్కటి మాట! నేనూ ఈ జిల్లా మనిషినే. చెరుకు బండి ఆగితే తప్పు అని తెలిసినంతగా మరేదీ మాకు తెలియదు. ఆ దారిని ఫోటో తీసి, స్థానిక నైపుణ్యంతో చేసిన మార్పు అని మెచ్చుకుంటూ రాశాను. సారు ఆ ఫోటోను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎనిమిది మంది బొటనవేలు చూపించారు.

గింజ పేలలేదు.

కొన్ని నల్లగా గులకరాళ్లలా వచ్చాయి. కొన్ని పెంకుతో సహా నలిగి నూకైపోయాయి. ఎక్కడో ఒకటి సగం నోరు తెరిచి పప్పు చూపించింది. మంట పెంచితే మాడు వాసన, తగ్గిస్తే రాళ్లు. యాదగిరి పెట్టెలోని రెక్కలు విప్పి మళ్లీ బిగించాడు. రెండు వారాలు అలాగే గడిచాయి. ఆడవాళ్లు నూకలోంచి తెల్లటివి ఏరుతూ కూర్చున్నారు.

"బీడీల కాడ కూసున్నా ఏరుడే, గీడ కూసున్నా ఏరుడే," అంది సాయవ్వ. "గాడ ఒర్రెటోడు ఒక్కడే. గీడ మేడం సుత ఒర్రుతది."

నేను అరుస్తానన్న ఆ మాట విననట్టు నటించి, నా కోపమంతా కాగితం మీద పెట్టాను. మెషీన్ లోపభూయిష్టం, చూపించింది ఒకటి, పంపింది ఒకటి, వెంటనే వాపసు తీసుకోవాలని కంపెనీకి రాశాను. నా లేఖలకు సాధారణంగా జవాబు రావడానికి ఒక రుతువు పడుతుంది. దీనికి మాత్రం రెండు రోజుల్లో వచ్చింది. సోమవారం లారీ పంపుతామన్నారు. సేటు పెట్టిన గడువు కూడా ఆ సోమవారంతోనే తీరిపోతుంది.

శనివారం

శనివారం ప్రసాద్ సామాన్ల లెక్క చూసుకోవడానికి ఎడపల్లి వచ్చాడు. నేనూ ఉన్నాను, అతన్ని నాలుగు మాటలనడానికి. అతను నా మాటలన్నీ విని, చేతిసంచిలోంచి తన గింజ తీసి, యాదగిరి దారిలో కాకుండా నేరుగా రెండో డ్రమ్ములో పోశాడు. కాసేపటికి పెట్టె టపటపలాడింది. తెల్లటి మఖానా జల్లెడ మీద పడింది. రెండు వారాలుగా మేము తిట్టిన మెషీన్ అదే.

గంగమణి ప్రసాద్ సంచిలో చెయ్యి పెట్టి మిగిలిన గింజను గుప్పిట్లోకి తీసుకుంది. చెవి దగ్గర ఆడించింది. తరవాత మా గింజ తీసి ఆడించింది.

"దీంట్ల పప్పు కదులుతున్నది. మనదాంట్ల అతుక్కోనున్నది. ప్రసాదన్నా, ఈ గింజను ఎప్పుడు ఏంచినవ్?"

"బుధవారం వేయించానమ్మా. రెండు రోజులు మూసి ఉంచి కండిషనింగ్ చేసిన గింజే కదా డెమోకి తెస్తాం. పుస్తకంలో రాసే ఉంది."

మొదటి వేడికి గింజలో తేమ కదులుతుంది. ఆ తరవాత మూసి ఉంచితే తేమ లోపలంతా సమానంగా సర్దుకుని, పప్పు పెంకును వదులుతుంది. అప్పుడు రెండోసారి వేడి చేసి దెబ్బ కొడితే పగిలేది పెంకు. వదలకముందే కొడితే రెండూ కలిసి నలుగుతాయి. ఇది నాకు కాలేజీలో చెప్పారు, వేరే గింజల గురించి. ఆ రోజు ఆ షెడ్డులో అది గంగమణి నోట విన్నాను, ఇంకా తక్కువ మాటల్లో.

"పసుపు ఉడికిచ్చినంక ఎన్ని దినాలు ఎండవెడ్తం? ఉడికింది ఉడికినట్టే పాలిష్ డ్రమ్ముల ఏస్తమా? ఏస్తె ముద్దయితది. యాదగిరన్నా, ఇది చెరుకు గాదే. ఇది పసుపు అసుంటిది. దీన్ని జర నిమ్మళంగ ఉండనియ్యాలె."

యాదగిరి వేళ్ల మీద లెక్కపెట్టాడు. "రెండు దినాలంటే సోమారం పగటీలి అయితది," అన్నాడు. "లారీ పొద్దుగాల్నే వస్తది గదా?"

"వస్తే కూసుంటడు."

"పేలకపోతే?"

"పేలకపోతే అందరికంటె ముందుగాల నేనే మల్ల బీడీల చాట వడ్త. దారి ఊడవీకు."

ఆయన స్పానరు తీసుకుని, తను చేసిన దారిని తానే ఊడదీశాడు. ఆయన చేసిన పనుల్లో అంత నెమ్మదిగా చేసింది నేను చూడలేదు. ఆ మధ్యాహ్నమే మా గింజను మొదటి డ్రమ్ములో వేయించి గంపల్లో మూశారు.

బయటికి వచ్చి సారుకు ఫోన్ చేశాను. లారీని ఆపాలని, తప్పు మెషీన్‌ది కాదని, నా రిపోర్టుదని చెప్పాను.

"మేడం, ఎందుకండీ? లారీ వస్తే మెషీన్ పోతుంది. మెషీన్ పోతే ఫైలు మూసేస్తాం. ఎవరి తప్పూ ఉండదు."

"ఆడవాళ్లు?"

"వాళ్లకు వేరే పథకం చూద్దాం. పుట్టగొడుగులు బాగున్నాయంటున్నారు."

ఆయన చెడ్డమనిషి కాదు. ఒక తప్పును సరిదిద్దడం కంటే దాన్ని ఊరు దాటించడం తేలికని ముప్పయ్యేళ్లు నమ్మినవాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇలాంటి సార్లే ఎక్కువమంది దొరుకుతారు. వాళ్లతో వాదించండి, కానీ గెలుస్తారని అనుకోకండి. లారీ ఆగలేదు.

సోమవారం

రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండటం ఎంత కష్టమో యాదగిరిని చూస్తే తెలిసింది. ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన గంపల చుట్టూ తిరుగుతున్నాడు. గోనెపట్టా లేపి చూడబోతే గంగమణి వెళ్లి ఆ గంపకు ఆనుకుని కూర్చుంది.

"ఒక్కపాలి సూస్త."

"పెండ్లికూతురా, సూసెతందుకు? పో అన్నా, పోయి నీ మోటరుకు నూనె వోస్కో."

సోమవారం పొద్దున లారీ వచ్చింది. డ్రైవరు నాందేడ్ వైపు మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు. తాళ్లు తీసి సిద్ధంగా నిలబడ్డాడు. గంగమణి అతనికి చాయ్ పోసింది. తరవాత ఇంకో చాయ్. మూడో చాయ్‌కి అతను, "అక్కా, మెషీన్ ఎక్కిస్తరా, నన్ను చాయ్‌ల ముంచుతరా?" అన్నాడు. ప్రసాద్ నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. సేటు గంగమణికి రెండుసార్లు చేశాడు. ఆమె కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక శనివారం వేయించిన గంపలు తెరిచారు. సాయవ్వ గింజను జల్లెడల మీద సైజు వారీగా వేరుచేసింది. పెద్దవాటితో చిన్నవి కలిస్తే చిన్నవి మాడి, పెద్దవి పచ్చిగా ఉండిపోతాయి. ఇదీ పుస్తకంలో ఉంది, ఇదీ మేము చేయలేదు. యాదగిరి రెండో డ్రమ్ము వెలిగించాడు. మీటరు చూశాడు, నమ్మకం లేక చెయ్యి దగ్గర పెట్టి చూశాడు, గింజ పోశాడు.

పెట్టె కాసేపు కడకడలాడింది. అదే రాళ్ల చప్పుడు. యాదగిరి మంటను కొద్దిగా పెంచి, పెట్టె తలుపు మరింత తెరిచాడు, వేడి తగ్గకముందే గింజ పడేలా. ఒక టప్పు. కాస్త ఆగి ఇంకోటి. ఆ తరవాత లెక్కపెట్టలేనన్ని.

అన్నీ పేలలేదు, అబద్ధం చెప్పను. మూడింట్లో ఒకటి అలాగే నల్లగా పడింది. కానీ జల్లెడ తెల్లబడింది. డ్రైవరు ఒకటి నోట్లో వేసుకుని, "ఇవేం ప్యాలాలు? ఉప్పు లేదు," అన్నాడు. సాయవ్వ ఉప్పు కోసం ఇంటికి పరుగెత్తింది. అంత దగ్గుతూ అంత వేగంగా పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇగ లారీ సంగతి జెప్పు మేడం," అంది గంగమణి. "మీరు పిలిస్తే వచ్చింది. మీరే పంపియ్యాలె."

అక్కడే, గ్యాసు సిలిండరు మీద అట్ట పెట్టుకుని రాశాను. మెషీన్‌లో లోపం లేదు. గింజను ఆపాల్సిన రెండు రోజులను నా రిపోర్టులో తేలిగ్గా తీసేశాను, ఆ తరవాత చేసిన మార్పును మెచ్చుకున్నాను, లారీని నేనే పిలిపించాను, వాపసు అక్కర్లేదు. గంగమణి చదవమంది. అందరికీ వినబడేలా చదివాను. ఇరవై ఆరేళ్లలో నా సంతకంతో అంత చిన్న కాగితం లేదు.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. "నా పేరు సుత రాయున్రి. ఆగనియ్యనోన్ని నేనే."

"నీ పేరెందుకు యాదగిరీ? ఆఫీసు కాగితం ఇది."

"అయితే ఏంది? దారి నేను జేసిన. మీరు ఫోటో దీసిన్రు, గంతే."

రాశాను. ఆయన కింద సంతకం చేశాడు, బేరింగు బిగించినంత జాగ్రత్తగా. కాగితం ఫోటో తీసి ప్రసాద్‌కూ, సారుకూ పంపాను. ఈసారి ఎవరూ బొటనవేలు చూపించలేదు. డ్రైవరు ఖాళీ లారీ తీసుకుని, రెండు పొట్లాల మఖానాతో వెళ్లిపోయాడు.

అప్పుడు గంగమణి ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తింది.

"ఆ, సేటు. సోమారమే, యాదికున్నది. రాము. తొమ్మిది మందిమి రాము. మా జాగల ఎవలనన్న వెట్టుకో." అవతల ఆయన ఏదో పెద్దగా అంటున్నాడు. ఈలోగా యాదగిరి ఇంకా మూసి ఉన్న మరో గంప ఎత్తబోయాడు. గంగమణి ఫోన్ చెవికి ఉండగానే అరిచింది: "గది నిన్న పగటీలి ఏంచినదన్నా! రేపటిదాంక ముట్టకు!"

సేటు తననే తిడుతోందనుకున్నట్టున్నాడు. ఫోన్ పెట్టేశాడు.